బీకరు అడుగున మడ్డి

మంగళవారం, రాత్రి

ఈ రోజు పదో తరగతికి రాగిని శుద్ధి చేయడం చూపించాను. అమ్మమ్మ నాటి రాగి బిందె ఒకటి చిల్లు పడి అటక మీద ఉంటే, మూతి దగ్గర చిన్న ముక్క కత్తిరించి పట్టుకెళ్లాను. అమ్మకు ఇంకా తెలియదు.

మైలుతుత్తం నీళ్లలో నాలుగు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, బ్యాటరీ ధనధ్రువానికి బిందె ముక్క, రుణధ్రువానికి సన్నని రాగి తీగ తగిలించాను. గంట కొట్టేసరికి తీగ ఎర్రగా గరుకెక్కింది. ముక్క కింద, బీకరు అడుగున, కాటుక నలుసుల్లాంటి నల్లని మడ్డి చేరింది.

"మేడమ్, అది బంగారమా?" అన్నాడు చివరి బెంచీ కుర్రాడు. అందరూ నవ్వారు. నిజానికి ఈ పాఠంలో అడగవలసిన ప్రశ్న అదే.

రాగి ఖనిజంలో కాస్తంత ఉండే బంగారం కొలిమిలో రాగిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఇనుము, ఇసుక చిట్టెంగా తేలిపోయినా అది కదలదు. విడిపోయేది కరెంటుతో శుద్ధి చేసే తొట్టెలోనే. అక్కడ వోల్టులో మూడో వంతు విద్యుత్ పీడనంతో రాగి కరిగి అవతలి పలక మీదకు చేరుతుంది. నికెల్ కరిగి ద్రావణంలో ఉండిపోతుంది. బంగారాన్ని కరిగించడానికి ఆ పీడనం చాలదు. చుట్టూ ఉన్న రాగి ఖాళీ అయ్యాక, కాళ్ల కింద నేల జారినట్టు, వెండితో కలిసి అడుగుకు పడుతుంది. అంతే, తనంతట తాను చేసేదేమీ లేదు. ఆ మడ్డిలోని రాగిని, సెలీనియాన్ని తీసేసి కరిగిస్తే వెండిముద్ద వస్తుంది. దాన్ని మళ్లీ కరెంటుతో శుద్ధి చేస్తారు. వెండి వెళ్లిపోతుంది, బంగారం మళ్లీ మడ్డిగానే మిగులుతుంది, ఈసారి ఆ వెండికి తొడిగిన గుడ్డ సంచిలో.

జార్ఖండ్‌లోని ఘాట్‌శిల సంగతీ చెప్పాను. అక్కడ సువర్ణరేఖ నది ఇసుకను కడిగి బంగారు నలుసులు ఏరుకునేవారు ఉన్నారు. ఆ ఒడ్డునే మౌభండార్ రాగి కర్మాగారంలో ఇలాంటి మడ్డి నుంచే బంగారం తీసేవారు. పేరుకు తగ్గ నది!

"మరి మనది?" అన్నాడు వాడు, వదలకుండా.

కనిపిస్తున్నది చాలావరకు రాగి పొడే అయి ఉంటుందని చెప్పాను. అంత మెత్తని పొడిగా ఉంటే బంగారమైనా పచ్చగా మెరవదని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండవలసింది.

సాయంత్రం బీకరు కడగబోతుంటే వచ్చి, మడ్డిని వడపోసి ఇమ్మన్నాడు. నాలుగు సార్లు నీళ్లు పోసి కడిగి, వడపోత కాగితం ఆరబెట్టి ఇచ్చాను. మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు.