చదవని పుస్తకాల చిట్టాలో చదివిన పుస్తకాల వాటా

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబర్‌లో, విజయవాడది జనవరిలో. ఈ రెండూ అయ్యేసరికి పుస్తకాలు కొనే అలవాటున్న ఇళ్లల్లో ఒకటే వరస: కొత్తవి సంచుల్లోంచి బయటికి రావు, చెయ్యి మాత్రం ఎప్పటిలాగే బారిష్టర్ పార్వతీశం మీదికి పోతుంది. ఇంట్లోవాళ్లు వేళాకోళం చేస్తే చేశారు, చదివేవాళ్లకే లోపల గిల్టీగా ఉంటుంది. చదివిందే చదువుతున్నాం కాబట్టే చదవాల్సినవి పేరుకుపోతున్నాయని అనుకుంటారు. కాగితం మీద లెక్క వేస్తే అది నిజం కాదని తేలిపోతుంది.

మామూలు డెమ్మీ సైజు తెలుగు నవల గంటకు 30 పేజీలు సాగుతుందనుకుందాం. రోజుకు 40 నిమిషాలు కూర్చుంటే 20 పేజీలు. పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసు ఒత్తిడి తీసేస్తే ఏడాదిలో 250 రోజులు చదువుతారనుకోండి, 5,000 పేజీలు. పుస్తకానికి సగటున 200 పేజీలు వేసుకుంటే 25 పుస్తకాలు. నెలకు 3 పేర్లు చిట్టాలోకి ఎక్కిస్తుంటే ఏడాదికి 36. అంటే పాత పుస్తకం ఒక్కటి కూడా ముట్టుకోకపోయినా చిట్టా ఏటా 11 పెరుగుతుంది. ఆ 25లో ఐదు పాతవాటికి ఇస్తే 16 పెరుగుతుంది. పెరగడం ఎలాగూ తప్పనప్పుడు ఆ ఐదింటి మీద పడి లాభం లేదు. చూడాల్సింది నెలకు 3 ఎక్కుతున్న చోట.

ఎక్కడం ఎందుకింత తేలికంటే ఖర్చేమీ లేదు గనక. ఫేస్‌బుక్‌లో ఎవరో బాగుందన్నారు, స్క్రీన్‌షాట్ తీశాం, అయిపోయింది. ఫోన్ గ్యాలరీలో అట్టల ఫొటోలు వందల్లో ఉంటాయి, ఎందుకు తీశామో మాత్రం గుర్తుండదు. అందుకే పేరు రాసేటప్పుడు పక్కనే ఇంకో మూడు ముక్కలు రాయాలి: ఎవరు చెప్పారు, మనకెందుకు పనికొస్తుంది, ఎక్కడ దొరుకుతుంది. రెండో ముక్క ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ పేరు ఎక్కించొద్దు. 'అందరూ చదువుతున్నారు' అన్నది కారణం కాదు. చిట్టాకు 40 పేర్లు దాటకూడదని హద్దు పెట్టుకోవాలి. పైలెక్క ప్రకారం ఏడాదికి 20 కొత్తవి కాబట్టి అది రెండేళ్ల పని. 41వది రావాలంటే ఒకటి కొట్టెయ్యాలి. కొట్టేసేటప్పుడే తెలుస్తుంది, ఏది నిజంగా చదవాలనుకున్నామో, ఏది చదివాననిపించుకోవాలని రాసుకున్నామో.

ఒకే రచయితవి వరసగా ఎనిమిది పేర్లు ఎక్కించడం ఇంకో జబ్బు. ఒక్కటే రాయండి. అది నచ్చితే రెండోది దానంతటదే వస్తుంది.

తెలుగు పాఠకుడికి ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ చాలా పుస్తకాలు వెయ్యి కాపీలు వేస్తారు, ఈమధ్య ఐదొందలో ఇంకా తక్కువో వేస్తున్నారు. అవి అయిపోయాక మళ్లీ అచ్చు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. తర్వాత కొందాంలే అనుకున్నది అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు. కాబట్టి కొనడానికి ఉన్న తొందర చదవడానికి ఉండనక్కర్లేదు. కొనాల్సినవాటి కాగితం వేరు, చదవాల్సినవాటి కాగితం వేరు. చిన్న ప్రచురణకర్త వేసిన కథల సంపుటి ఇవాళే కొని మూడేళ్ల తర్వాత చదివినా తప్పులేదు. ఎప్పుడూ అచ్చులో ఉండే గురజాడనో శ్రీశ్రీనో ముందే కొని అలమార నింపుకోనక్కర్లేదు, చదివే నెలలో కొంటే చాలు. ఈ రెండు కాగితాలూ కలిపేయడం వల్లే అలమారలో ఉన్న ప్రతి పుస్తకమూ అప్పులా కనబడుతుంది.

ప్రదర్శన నుంచి తెచ్చినవాటిని మాత్రం నెలలోపు ఒకసారి తెరవాలి. పుస్తకానికి 30 పేజీలు చాలు. పది పుస్తకాలైతే 300 పేజీలు, రోజుకు 20 చొప్పున 15 రోజుల పని. అప్పుడు మూడు దొంతర్లు తేలతాయి: ఆపబుద్ధి కానివి, తర్వాత చూద్దాం అనిపించేవి, ఎవరికైనా ఇచ్చేయాల్సినవి. అమెరికా లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ 50 పేజీల సూత్రం చెప్పింది, 50 ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలంది. మన నవలలు చాలావరకు 200 పేజీల లోపే కాబట్టి 50 అంటే నాలుగో వంతు అయిపోతుంది, 30 దగ్గర ఆగొచ్చు. మాండలికంలో రాసినవాటికి మాత్రం ఈ కొలత వర్తించదు. చిత్తూరు పల్లెల భాషకు అలవాటు లేనివాళ్లకు నామిని కథల్లో మొదటి 30 పేజీలు చెవి సర్దుకోవడానికే పోతాయి. నిజాం కాలపు తెలంగాణ పలుకుబడి, ఉర్దూ మాటలు నిండిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' కూడా కోస్తా పాఠకుడికి అంతే. అలాంటివాటికి లెక్క 31వ పేజీ నుంచి మొదలుపెట్టాలి.

ఇక మళ్లీ చదవడం. దాన్ని ఒకే పనిగా చూడటంలోనే పొరపాటుంది. ఇందులో కనీసం మూడు రకాలున్నాయి. మూడింటికీ సమయాలు వేరు, పేజీల లెక్కా వేరు.

మొదటిది నెలలోపు చదవాల్సింది. మొదటిసారి శ్రమంతా భాష మీదో కథ మలుపుల మీదో ఖర్చయిపోయే పుస్తకాలు కొన్నుంటాయి. రావిశాస్త్రి ఉత్తరాంధ్ర యాసను మొదటిసారి చదివేవాళ్లు వాక్యం ఎక్కడికి పోతోందో వెతుక్కుంటూ ఉంటారు, వెటకారం సగం జారిపోతుంది. రెండోసారి చదివితే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనక ఉన్న కోపమూ తెలుస్తుంది. ఏడాది ఆగితే చెవి మళ్లీ మొదటికొస్తుంది, కష్టమంతా మళ్లీ పడాలి. కాబట్టి వీటిని ఒకే పుస్తకానికి రెండు విడతలుగా లెక్కేసుకోవాలి. రెండో విడత వేగం దాదాపు రెట్టింపవుతుంది గనక 200 పేజీల పుస్తకానికి అదనంగా పడేది వంద పేజీల కాలమే.

రెండో రకం పదేళ్లకోసారి. ఇక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఇరవైల్లో చదివితే మనసంతా కల్యాణి వైపు ఉంటుంది, ఇందిర గడుసుదనంగా, స్వార్థంగా కనబడుతుంది. సంపాదించి, ఇల్లు నడిపి, ఒకరిద్దరు ప్రకాశం లాంటివాళ్లను దగ్గరనుంచి చూశాక చదివితే ఇందిర వైపు తిరిగేవాళ్లే ఎక్కువ. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' సీతారామారావు కూడా అలాంటివాడే: కుర్రతనంలో విసుగు పుట్టిస్తాడు, నలభైల్లో భయపెడతాడు. పుస్తకంలో ఒక్క అక్షరం మారదు. మారాల్సింది మనం కాబట్టి ఆ మారడానికి తగినంత వ్యవధి ఉండాలి. రెండేళ్లకే మళ్లీ పట్టుకుంటే పాత అభిప్రాయాన్నే మళ్లీ చదువుకుంటాం. ఏడాదికి ఇలాంటివి రెండు చాలు. కొత్తవాటితో పోటీపడి గెలిచే హక్కు నిజంగా ఉన్నవి ఇవే.

మూడోది ఊరికే చదువుకోవడం. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' వంద కథలు, ఒక్కోటి నాలుగైదు పేజీలు. రాత్రి పడుకోబోయే ముందు ఎక్కడో ఒకచోట తెరిచి ఒకటి చదివితే సరి. పార్వతీశం మొదటి భాగం, ముళ్లపూడి 'బుడుగు' కూడా ఈ కోవలోవే. దీన్ని ఏడాది లెక్కలో వెయ్యకండి, గుడ్‌రీడ్స్‌లో తేదీలూ పెట్టకండి. 40 నిమిషాల నుంచి కాకుండా, లేకపోతే ఫోన్ చూస్తూ పోయే పది నిమిషాల నుంచి తీసుకునే చదువిది. ఇబ్బంది ఎక్కడంటే, అలసిన రోజుల్లో ఇది 40 నిమిషాల్లోకి పాకుతుంది. వరసగా రెండు వారాలు అదే జరిగితే కొత్త పుస్తకం తప్పుగా ఎంచుకున్నారని అర్థం, దాన్ని మార్చండి.

మరి వరస ఎలా పెట్టాలి? మూడు కొత్తవి, ఒకటి పాతది అన్నది చాలామందికి కుదిరే నిష్పత్తి. 25లో ఆరు పాతవి అవుతాయి. నెలకోసారి పాతది అని పెట్టుకుంటే నిలవదు, ఎందుకంటే పెద్ద పుస్తకం పడ్డ నెలలో క్రమం తప్పుతుంది. పుస్తకాల వరస లెక్కపెట్టుకుంటే ఆ క్రమం తప్పదు. బాగా నచ్చిన కొత్త నవల ముగించిన వెంటనే పాత ఇష్టాన్ని పట్టుకోకండి. తాజా రుచి మీద పాతది చప్పగా తోస్తుంది, దాని తప్పేమీ లేకుండానే. మధ్యలో ఒక వ్యాస సంపుటో యాత్రాచరిత్రో పెట్టండి.

పెద్ద పుస్తకాల దగ్గర మాత్రం మన పారాయణం పద్ధతిని మించింది లేదు. భక్తి సంగతి అలా ఉంచండి, ఆ ఏర్పాటు చూడండి. భాగవత సప్తాహమంటే ఏడు రోజులు, అంతే. సుందరకాండ 68 సర్గలు, ఏ రోజు ఏ సర్గ దాకా అన్నది మొదలుపెట్టకముందే తేలిపోయి ఉంటుంది. వానలు లేనప్పుడు విరాటపర్వం చదివించేవారు, దానికి సందర్భం కూడా కుదిరిందన్నమాట. ఎంత భాగం, ఎప్పటికి ముగింపు, ఎందుకు ఇప్పుడు అనే మూడూ ముందే తేల్చుకోవడం వల్ల అంత పెద్ద గ్రంథాలు మళ్లీ మళ్లీ నడిచాయి. తిక్కన విరాటపర్వం ఐదాశ్వాసాలు, ఆశ్వాసానికి రెండు రోజులేస్తే పది రోజులు. దాదాపు వెయ్యి పేజీల 'వేయిపడగలు' రోజుకు 20 చొప్పున 50 రోజులు. మొదటిసారికీ ఇదే లెక్క, రెండోసారికీ ఇదే లెక్క. తేదీ వేయకుండా చిట్టాలో రాసుకున్న వేయిపడగలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

'కన్యాశుల్కం' సంగతి ప్రత్యేకం. మొదటి కూర్పు 1897లో వచ్చింది. ఇప్పుడు అందరూ చదివేది 1909లో గురజాడ బాగా తిరగరాసి పెంచిన కూర్పు. ఇది తెలిసినవాళ్లు మూడోసారో నాలుగోసారో చదవాలనుకున్నప్పుడు 1897 కూర్పు వెతికి తెచ్చుకుంటే కొత్త పుస్తకమూ పాత పుస్తకమూ ఒకేసారి దక్కుతాయి. 1909 కూర్పులో ఏడంకాలు. ఇద్దరు ముగ్గురు పాత్రలు పంచుకుని పైకి చదివితే రోజుకో అంకం, వారంలో అయిపోతుంది. మౌనంగా చదివినప్పుడు మామూలుగా దాటిపోయే గిరీశం మాటలు నోటితో పలికితే ఇంకోలా ఉంటాయి.

రెండోసారి చదవడానికి పనికొచ్చే గుర్తులు మొదటిసారే పెట్టుకోవాలి. 2బి పెన్సిల్ చాలు. బాల్‌పెన్ పల్చటి కాగితంలో అవతలి పక్కకు దిగుతుంది. అంటించే చీటీల జిగురు పాత న్యూస్‌ప్రింట్ మీద నిలిచిపోతుంది, పీకితే కాగితం పొర ఊడొస్తుంది. వాక్యాల కింద గీతలు గీయడం కన్నా చివరి ఖాళీ పేజీలో పేజీ నంబరు, పక్కన మూడు నాలుగు మాటలు రాయడం మేలు: '84, తల్లి ఉత్తరం, నమ్మలేదు' అన్నట్టు. పేజీ కింద తేదీ వెయ్యాలి. రెండోసారి పక్క పేజీలో రాయాలి, పాతది పుస్తకం ముగిసేదాకా చూడకూడదు. ముందే చూస్తే కళ్లు పాత చోట్లే వెతుక్కుంటాయి.

ముందుమాటల విషయమూ ఇక్కడే. మన పుస్తకాల్లో అవి ఒకటితో ఆగవు. కథ మొత్తం చెప్పేసేవి, ఏం అనుకోవాలో కూడా చెప్పేసేవి ఉంటాయి. మొదటిసారి అన్నీ దాటేసి నేరుగా ఒకటో పేజీకి వెళ్లండి. 'మహాప్రస్థానం' మొదట్లో చలం రాసిన 'యోగ్యతాపత్రం' ఎంత గొప్పదైనా సరే, ముందు కవితలు చదివి తర్వాత దాని దగ్గరికి రండి. మళ్లీ చదివేటప్పుడు మాత్రం ముందుమాటతోనే మొదలుపెట్టండి. మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది కాబట్టి అప్పుడు దానితో వాదించొచ్చు.

ఆడియో పాతవాటికి బాగా సరిపోతుంది. దాసుభాషితం లాంటి యాప్‌లో చదివిన పుస్తకాన్నే వంటింట్లోనో బస్సులోనో వింటే ఒక నిమిషం పరధ్యానమైనా కథ తెగదు. కొత్త నవల అలా వింటే పేర్లు కలిసిపోతాయి, మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో తూకం ఉంది. 200 పేజీల పుస్తకం పావుకిలో మీద కాస్త మొగ్గుతుంది, 20 పుస్తకాలంటే 5 నుంచి 6 కిలోలు. 23 కిలోల పెట్టెలో పచ్చళ్లు, పొడులు పోగా మిగిలే చోటు దాదాపు అంతే. ఆ చోటు పదేళ్లకోసారి చదివే రకానికి ఇవ్వండి. ఒక్కసారి చదివి వదిలేసేవి ఈ-పుస్తకంగా దొరికితే అలాగే కొనండి.

మళ్లీ చదివితే నచ్చని పుస్తకమూ తగులుతుంది. అప్పట్లో ప్రాణమనిపించిన నవలలో ఆడవాళ్ల గురించో కులం గురించో రాసిన మాటలు ఇప్పుడు మింగుడు పడకపోవచ్చు, లేదా శైలి నాటకీయంగా తోచొచ్చు. బలవంతంగా చివరిదాకా వెళ్లనక్కర్లేదు, ఇక్కడా 30 పేజీలే. అలాంటిదాన్ని అలమారలో కేవలం గుర్తుగా ఉంచుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. చదివే ఈడులో ఉన్న పిల్లలకో దగ్గర్లోని గ్రంథాలయానికో ఇచ్చేయొచ్చు. ఇచ్చేముందు అది ఇప్పుడు అచ్చులో ఉందో లేదో ఒకసారి కనుక్కోండి, చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నది ఫొటో తీసి పెట్టుకోండి.