ఒక కోర్ ఎంత పొడవు?

అక్టోబరు 26, ఆదివారం

ఇవాళ హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే పుట్టినరోజు. 1800లో మెక్లెన్‌బర్గ్‌లోని పార్కిమ్ అనే ఊళ్లో పుట్టాడు. ప్రష్యా (తర్వాత జర్మనీని ఏకం చేసిన రాజ్యం) జనరల్ స్టాఫ్‌ని, అంటే యుద్ధ పథకాలు వేసే అధికారుల బృందాన్ని, ముప్ఫై ఏళ్లు నడిపిన ఈ మనిషి పుట్టుకతో ప్రష్యావాడు కాడు. చదువు కోపెన్‌హాగెన్ కేడెట్ స్కూల్లో, తొలి కొలువు డెన్మార్క్ సైన్యంలో. 1822లో ప్రష్యాకి మారాడు. 1864లో ప్రష్యా అదే డెన్మార్క్ మీదికి వెళ్లినప్పుడు పథకం గీసినవాడూ ఇతనే.

పొద్దున టీ అయ్యాక బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది, అప్పట్లో ఆస్ట్రియాది) పటం పరిచి, దారం, స్కేలు పట్టుకుని కూర్చున్నాను. కొండ రోడ్ల వంపులు స్కేలుకు అందవు. దారాన్ని కాస్త తడిపి రోడ్డు వెంట పరిచి, తర్వాత లాగి కొలవాలి. పొడి దారం వంపు దగ్గర లేచిపోతుంది.

మోల్ట్‌కే అర్థం కావాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఒక కోర్ రోడ్డెక్కితే ఎంత పొడవుంటుంది? కోర్ అంటే సుమారు 30,000 మంది. అందులో కాల్బలం 25,000 అనుకుందాం. నలుగురేసి వరసకట్టి నడిస్తే 6,250 వరసలు, వరసకి మీటరున్నర చొప్పున 9 కిలోమీటర్ల పైచిలుకు. ఇక ఫిరంగులు. ఒక్కోదానికి ఆరు గుర్రాలు. గుర్రాలూ ఫిరంగీ కలిపితే 15 మీటర్లకు తగ్గదు. అలాంటివి 90 దాకా. వాటి వెనక మందుగుండు బళ్లు, రొట్టెల బళ్లు, గాయపడినవాళ్ల బళ్లు, ఆశ్వికదళం, దళానికీ దళానికీ మధ్య ఖాళీ. ఎంత పిసినారిగా లెక్కేసినా 20 కిలోమీటర్లు దాటిపోతుంది. సైన్యం రోజుకి నడిచేదీ దాదాపు అంతే. అంటే ముందువాడు సాయంత్రం గుడారం వేసే వేళకి, చివరి బండి పొద్దున బయల్దేరిన చోటే ఇంకా కదలబోతూ ఉంటుంది. అదే రోడ్డు మీద రెండో కోర్‌ని పెడితే అది పోరుకి అందేది మర్నాడే.

మోల్ట్‌కే చెప్పిన ‘విడివిడిగా నడవాలి, పోరు దగ్గర కలవాలి’ అన్నది ఈ లెక్కలోంచే వచ్చింది, ఏదో సిద్ధాంతంలోంచి కాదు. ముందే ఒకచోట పోగేసిన సైన్యం నడవలేదు, తిండి దొరక్క అక్కడ ఎక్కువ రోజులు నిలవనూలేదు. అలాగని కలవడం ఆలస్యమైతే శత్రువు ఒక్కో ముక్కనీ విడిగా నమిలేస్తాడు. ఆయన కొలువంతా ఈ రెంటి మధ్య రోజుల్ని, గంటల్ని లెక్కపెట్టడమే.

1866లో ఆస్ట్రియాతో యుద్ధంలో ఆ లెక్క తప్పే ప్రమాదం దగ్గరదాకా వచ్చింది. రాజు విల్‌హెల్మ్ సైన్య సమీకరణకి ఆలస్యంగా ఒప్పుకున్నాడు, ఆస్ట్రియా ముందే మొదలుపెట్టింది. పోయిన రోజుల్ని రైళ్లతో పూడ్చాలి. ప్రష్యాకి సరిహద్దు దాకా ఐదు లైన్లు, మొరావియాలో సైన్యాన్ని పోగేయడానికి ఆస్ట్రియాకి ఒకే ఒక్కటి. ఐదు లైన్లూ ఐదు చోట్ల ఆగుతాయి కాబట్టి సైన్యం 400 కిలోమీటర్లకు పైగా వెడల్పున దిగింది. 21 రోజుల్లో 1,97,000 మంది, 55,000 గుర్రాలు, 5,300 బళ్లు. ఇంత పలచగా పరుస్తారా అని తోటి జనరళ్లే నొసలు చిట్లించారు. ఒకచోటికి చేర్చి దించుదామంటే వారాలు పోయేవి. అందుకని కలిసే చోటుని శత్రువు నేల మీదే, బొహీమియాలోని గిచ్చిన్ పరిసరాల్లో పెట్టుకున్నాడు.

ఎక్కించడం ఒక ఎత్తు, దించడం ఇంకో ఎత్తు. రైలు ఆగే చివరి స్టేషన్లు చిన్నవి. ప్లాట్‌ఫారం పొట్టి, పక్క లైన్లు ఒకటో రెండో, కూలీలు చాలరు. సరుకు పంపేవాళ్లు ముందు దించే చోటుందా అని చూడకుండా వ్యాగన్లు తోసేశారు. దించనివే గోదాములైపోయాయి, ఖాళీ బళ్లు వెనక్కి రాలేదు, రొట్టె బూజుపట్టింది, గడ్డి కుళ్లింది. ముందున్న సైన్యం ఊళ్లలో దొరికింది తిని నడిచింది. తర్వాత ఒక్కో లైనుకి సైన్యం మనిషినీ రైల్వే మనిషినీ కలిపి కమిషన్లు వేశారు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధంలో మళ్లీ అవే జామ్‌లు! పట్టాల చివర నుంచి గుర్రపు బండే దిక్కయినంతకాలం ఏ కమిషన్ ఏం చేస్తుంది?

జూలై 2 రాత్రి గురించి ఎంతసేపు చదివినా తనివి తీరదు. ఎల్బ్ నదికి ఇవతలే ఆస్ట్రియన్లు ఉన్నారన్న కబురు పొద్దుపోయాక గిచ్చిన్‌కి చేరింది. మోల్ట్‌కేని నిద్ర లేపారు. యువరాజు రెండో సైన్యంతో వచ్చి శత్రువు కుడిపక్క మీద పడాలని ఉత్తర్వు రాశాడు. ఇద్దరు రౌతులకు వేర్వేరు దారుల్లో ఇచ్చి పంపారు, ఒకడు దారి తప్పినా రెండోవాడు చేరతాడని. యువరాజు ఉన్న కోనిగిన్‌హోఫ్ దాకా 30 కిలోమీటర్లకు పైనే, వానా బురదా. తెల్లవారుజామున నాలుగింటికి చేరింది. పొద్దున మొదటి సైన్యం కోనిగ్రెట్జ్ దగ్గర తలపడింది. స్వీప్‌వాల్డ్ అడవిలో నలిగిపోయింది. మధ్యాహ్నం యువరాజు దిగాడు, మూడింటికల్లా ఖ్లుమ్ గుట్ట ప్రష్యా చేతికొచ్చింది. ఆస్ట్రియా వైపు నష్టం, ఖైదీలతో కలిపి, 44,000 దాకా. ప్రష్యాది 9,000.

ప్రష్యా సైనికుల డ్రైజా సూదితుపాకిదే గెలుపు అనేవాళ్లున్నారు. పడుకుని మందు కూరగలిగే ఆ తుపాకి పెద్ద సాయమే. కానీ 1870లో ఫ్రెంచివాళ్ల షాస్‌పో తుపాకి దానికంటే రెట్టింపు దూరం కొట్టింది, అయినా ఓడారు.

మధ్యాహ్నం నుంచి 1870 పటం. ఇక్కడ లెక్క చెడగొట్టింది సొంతవాళ్లే. మొదటి సైన్యాన్ని నడిపిన స్టైన్‌మెట్జ్‌కి డెబ్బై మూడేళ్లు, ఎవరి మాటా వినే రకం కాదు. ఆగస్టు మొదట్లో తన బలగాన్ని దక్షిణానికి జరిపి రెండో సైన్యానికి కేటాయించిన సార్‌బ్రూకెన్ రోడ్ల మీదికి ఎక్కించాడు. పటం మీద రెండు దారాలు పెడితే ముడి కనిపిస్తుంది. ఆగస్టు 6న స్పిఖెరెన్ దగ్గర ఎవరూ అనుకోని పోరు జరిగింది, మోల్ట్‌కే ఆలోచన వేరు. శత్రువు ప్రధాన బలం తొలిసారి ఎదురయ్యాక ఏ పథకమూ నిశ్చయంగా నడవదని ఆయన రాసింది ఊరికే కాదు. ఆ తర్వాతి నిర్ణయాలు అక్కడున్న సేనానులకే వదిలేవాడు. వదిలినందుకు ఫలితం ఒకోసారి స్టైన్‌మెట్జ్.

ఆగస్టు 18న గ్రావెలోట్. మాన్స్ లోయ దాటించి స్టైన్‌మెట్జ్ గుంపులు గుంపులుగా పంపాడు, అవి ఇరుకు రోడ్డు మీద చిక్కుకుపోయాయి. చీకటి పడుతుండగా అప్పుడే చేరిన పొమెరేనియన్ కోర్‌ని కూడా అదే లోయలోకి దించారు. తర్వాత యుద్ధ చరిత్ర రాస్తూ, అక్కడే ఉన్న జనరల్ స్టాఫ్ అధిపతి అంత పొద్దుపోయాక ఆ కదలిక జరగనివ్వకుండా ఉండాల్సింది అన్నాడు మోల్ట్‌కే. ఆ అధిపతి తనే.

మాట వినని సేనాని ఆయనకి కొత్త కాదు. 1839లో, టర్కీ సైన్యానికి సలహాదారుగా ఉన్న రోజుల్లో, నిజిబ్ దగ్గర దాని సేనాని హాఫిజ్ పాషాకి, బిరెజిక్‌లో కట్టిన స్థావరానికి వెనక్కి తగ్గమని చెప్పాడు. పాషా ముల్లాల మాట విన్నాడు. ఈజిప్టు సైన్యం చుట్టుముట్టింది.

సాయంత్రం ఆ పాత రికార్డింగు పెట్టుకున్నాను. 1889 అక్టోబరులో, క్రైసావ్‌లోని ఇంట్లో ఎడిసన్ మనిషి వాంగెమాన్ మైనపు సిలిండర్ మీద తీసింది. ఏడు భాషల్లో మౌనంగా ఉండగలడని పేరుపడ్డ మనిషి గొంతు. అది ఎవరిదో తేలింది 2012లోనే. ఫౌస్ట్‌లోంచి, హామ్లెట్‌లోంచి కొన్ని పంక్తులు చదువుతాడు. గరగర ఎక్కువ, పదాలు సగం అందవు. ఎనభై తొమ్మిదో పుట్టినరోజుకి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి, తొందర లేకుండా ఒక్కో మాటా నిలిపి పలుకుతున్నాడు.

దారాలు పటం మీదే ఉన్నాయి. మెట్జ్ వైపు రోడ్లు రేపు కొలవాలి.