నల్లా వచ్చే రోజు

పోయినేడు మార్చిలో ఇంటి పన్ను కట్టి రసీదు మడతపెడుతుంటే మధ్యలో ఒక లైను కనపడ్డది. గ్రంథాలయ పన్ను, 128 రూపాయలు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీకి పోతయట. ఇన్నేండ్ల సంది కడుతున్న, ఎన్నడూ చూడలేదు. డిగ్రీలో వారానికి రెండు నవలలు మింగిన మనిషిని. పెండ్లి, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం అయినంక లైబ్రరీ గడప తొక్కి పదిహేనేండ్లు దాటింది. పైసలు కట్టి సరుకు తెచ్చుకోనోళ్లను మా అత్తమ్మ ఏమంటదో నాకు తెలుసు. ఇదంతా ఆ రసీదు మీద కోపంతోనే మొదలైంది. పుస్తకాల మీద ప్రేమతో అని చెప్పుకోలేను.

నేను ఆర్టీసీల కండక్టర్‌ను. నల్లగొండ నుంచి తిప్పర్తి, వేములపల్లి మీదుగ మిర్యాలగూడ పోయే పల్లెవెలుగు. నా వీక్లీ ఆఫ్ శుక్రవారం. ఆ శుక్రవారమే మంచి చీర కట్టుకొని లైబ్రరీకి పోతే గేటుకు తాళం. శుక్రవారం లైబ్రరీలకు సెలవని వాచ్‌మన్ చెప్పిండు. మా ఇద్దరి సెలవు ఒక్కటే రోజు! మర్నాడు డ్యూటీ దిగి, క్యాష్ కట్టి, యూనిఫాం మీదనే పోయిన.

లోపల ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అందరూ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివే పిల్లలే. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ముందట బిట్ల పుస్తకం. తల ఎత్తినోళ్లు లేరు. యూనిఫాం చూసి ఒకమ్మాయి మాత్రం లేవబోయింది, చెకింగ్‌కు వచ్చిన అనుకున్నదేమో. కథల బీరువాలు వెనక గదిలో ఉన్నయి. డిపాజిట్ కట్టి, అన్నిట్లకు లావుది చూసి ఒక నవల తెచ్చుకున్న. ఆకలితోని హోటల్‌కు పోయినోడు రెండు ప్లేట్ల బిర్యానీ చెప్పినట్టు.

ఆ నవల నాకు బుద్ధి చెప్పింది. రాత్రి తొమ్మిదిన్నరకు గిన్నెలు తోముడు అయితది. పదిన్నర దాకా గంట ఖాళీనే. మంచం మీద పుస్తకం తెరిస్తే కండ్లు లైన్ల మీద నడుస్తనే ఉంటయి, ఒక్క ముక్క లోపలికి పోదు. అదే పేరా నాలుగుసార్లు చదివిన. 2023 డిసెంబర్ 9 సంది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్లకు చార్జీ లేదు గదా. చార్జీ లేదు గానీ టికెట్ ఉన్నది. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, ఎక్కడ దిగుతరో అడిగి, టిమ్ మిషన్ మీద జీరో టికెట్ కొట్టియ్యాలె. ఇది మంచిదా చెడ్డదా అనే పంచాయితీ నాకొద్దు, మా ఆడబిడ్డ నెలకు నాలుగుసార్లు అమ్మగారింటికి వస్తుంది దాని పుణ్యానే. కానీ పొద్దంతా జనంల ఇరుక్కొని ‘యాడికమ్మా, యాడికమ్మా’ అని అరిచిన నోరు, మిషన్ నొక్కిన వేలు, రాత్రికి పుస్తకం పట్టుకుంటే ఏం మిగిలుంటది? రెండు వారాలకు నలభై పేజీలు. గడువు పెంచుకున్న. ఇంకో రెండు వారాలకు డెబ్బై. తిరిగిచ్చేసిన.

పొద్దుగాల నాలుగింటికి లేచి చదవమని చెప్పేటోళ్లుంటరు. వాళ్లకు నాలుగున్నరకు చాయ్ పెట్టిచ్చేదెవరో ఆ మాట మాత్రం చెప్పరు.

దారి చూపింది నల్లా. మా వాడకు రోజు విడిచి రోజు పొద్దున అయిదింటికి నీళ్లొస్తయి. రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు. సగం డ్రమ్ము నిండటానికి పన్నెండు నిమిషాలు, ఉత్త డ్రమ్ముకు ఇరవై నాలుగు నిమిషాలు. పైపు అందులేసి, అది జారకుండ చూసుకుంట నిలబడుడే పని. చాన్నాళ్లు ఆ టైంల ఫోన్ చూసేదాన్ని. ఒకరోజు ఫోన్ చార్జింగ్‌ల ఉంటే పుస్తకం తీస్కొచ్చి, వాకిట్ల బల్బు కింద ముక్కాలిపీట ఏసుకొని కూసున్న. ఇల్లంతా నిద్రలో ఉన్నది. పైపు నుంచి నీళ్లు పడే సప్పుడు తప్ప ఏమీ లేదు. ఎనిమిది పేజీలు చదివిన. చదివింది చదివినట్టు బుర్రలో ఉన్నది! బస్‌ల పని చేసుకుంట కూడా అందులో మనిషే యాదికొచ్చింది.

మూడోసారికే పట్టుబడ్డ. డ్రమ్ము పొర్లి వాకిలంత పారుతుంటే నాకు సోయి లేదు. అత్తమ్మ పుట్టింది మర్రిగూడ దిక్కు. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినోళ్లను కండ్లార చూసిన మనిషి, చెంబెడు మంచినీళ్ల కోసం కొట్లాడిన మనిషి. “కృష్ణ నీళ్లు బిడ్డా అవి, మోరీల పారవోస్తున్నవు! ఏముందే ఆ పుస్తకంల?” అన్నది. చదివి వినిపించిన, ఒక పేజీ. వేరే ఏం చెయ్యాలె? ఆమె పైపు పట్టుకొని నిలబడి విన్నది. తర్వాత ఏమైందని మాత్రం అడగలేదు, ఇగ చాలు తియ్, ఉప్మా చెయ్ అన్నది.

రెండో జాగ మిర్యాలగూడ బస్టాండ్. బండి పెట్టినంక పది, పదిహేను నిమిషాల హాల్ట్. కంట్రోలర్ దగ్గర సంతకం, బాత్రూం, చాయ్ పోంగ ఆరు నిమిషాలు మిగుల్తది. ఆరు నిమిషాలకు నవల పనికిరాదు, ఎవరు ఎవరికి ఏమైతరో యాది చేసుకునేలోపు డ్రైవరన్న హారన్ కొడతడు. అందుకే బస్‌కు కథల పుస్తకం, నల్లా కాడికి నవల అని రెండు పెట్టుకున్న. ఒక కథ రెండు ట్రిప్పులకు తెగుతది. వట్టికోట ఆళ్వారుస్వామి కథలు అట్లనే చదివిన. నకిరేకల్ దగ్గరి మాదారం ఆయనది, మా జిల్లానే. ఒక పంతులు ఇంట్ల వంట చేసుకుంట చదువు నేర్చుకున్నడట. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకుంట తిరిగి అమ్మిండు. పొయ్యి ముందట కూసోని అక్షరాలు దిద్దిన మనిషి పుస్తకం చేతిల పెట్టుకొని నాకు టైం లేదనాలంటే నోరు రాలేదు.

గుర్తుకు పేజీల మధ్య జీరో టికెట్లే పెడత, దిగినోళ్లు సీట్ల కింద పారేసినవి. ఎండకు రెండు రోజుల్లోనే అక్షరాలు మాసిపోయి తెల్ల కాగితం మిగుల్తది, గుర్తుకు అదే మంచిది.

ఆ కథల పుస్తకమే ఒకసారి పోగొట్టుకున్న. తప్పు నాదే, ఇంజన్ బానెట్ పక్కన పెట్టి మరిచి దిగిన. మర్నాడు ఆ బండి వేరే రూట్‌కు పోయింది. లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం, జరిమానా సంగతి దేవుడెరుగు, లైబ్రరీ సార్‌కు మొకం ఎట్ల చూపియ్యాలె అని మూడు రోజులు ఆ గల్లీలకే పోలేదు. నాలుగో రోజు డిపోల బస్సులు ఊడ్చే అక్క తెచ్చిచ్చింది. తెరిచి చూస్తే నా తెల్ల టికెట్ ఉన్న చోటనే ఉన్నది. దానికి ఇంకో ముప్పై పేజీల తర్వాత ఇంకో టికెట్, అక్షరాలు ఇంకా మాయలేదు. నల్లగొండ నుంచి దేవరకొండ, పెద్దలు ఒకరు. డబ్బులిచ్చి కొన్న టికెట్, అంటే మగమనిషి. డ్రైవరో, ప్యాసింజరో, ఎవరో ముప్పై పేజీలు చదివిండు. ఊడ్చే అక్కను అడిగితే తెల్వదన్నది. ఆ టికెట్ తీసెయ్య బుద్ధి కాలేదు, పుస్తకంతో పాటే లైబ్రరీకి ఇచ్చిన.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. పదకొండు పుస్తకాలు అయినయి. డిగ్రీ లెక్కల చూస్తే ఇది ఆరు వారాల చదువు. రెండు సగంలో వదిలేసిన, ఒకటి అస్సలు నచ్చకున్నా మొండికి చదివిన, అట్ల ఇంకోసారి చెయ్య. దసరా, సంక్రాంతి రద్దీల ఒక్క పేజీ తిరగదు. పిల్లల పరీక్షలప్పుడు అంతే. మా ఆయన మాత్రం పుస్తకం చూసినప్పుడల్లా “ప్రమోషన్ పరీక్షనా?” అంటడు, ఇంకా.

మొన్న తెచ్చిన నవలల ఇంకా అరవై పేజీలు మిగిలున్నయి. రేపు నల్లా వచ్చే రోజు. రాత్రే రెండు డ్రమ్ములు అడుగంట ఖాళీ చేసి పెట్టిన. ఒకదాని నీళ్లతో దుప్పట్లు పిండిన, ఇంకోదాంట్ల ఉన్నయి కరివేపాకు చెట్టుకు, జామచెట్టుకు పోసిన. “నిన్ననే గదనే చెట్లకు పోసినవ్?” అన్నది అత్తమ్మ. ఎండలు బాగ కొడుతున్నయత్తమ్మా అన్న.