సముద్రపు గాలి తగిలే ఊళ్లో కారు కింద ఏ పూత నిలుస్తుంది?

డోరు మీద చిన్న గీత పడితే ప్రాణం విలవిల్లాడుతుంది గానీ, కింద స్ప్రింగుకీ, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కీ పట్టిన తుప్పుని మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ వంగి చూడరు. మా బరంపురం, గోపాలపూర్, ఛత్రపురం వైపు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పక్కనే సముద్రం, హుమ్మ, గంజాం దగ్గరేమో ఉప్పు మడులు. గాలిలో వచ్చిన ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమని లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజుల్లో కూడా తుప్పు ఆగదు.

సర్వీసింగ్‌కి వెళ్తే అందరూ చెప్పేది నల్లటి రబ్బరు అండర్‌బాడీ కోటింగ్. కొత్త బండికి మంచిదే. తుప్పు మీదే కొట్టేస్తే మాత్రం తేమ లోపల ఉండిపోయి, పైకి నున్నగా కనబడుతూనే లోపల ఇనుముని తుప్పు తినేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒకచోట గీకి చూడండి, పెచ్చుతో పాటు ఎర్రటి పొడి రాలితే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే.

ఊడదీయగలిగే ఆర్మ్‌లకి, అవి బిగించే సబ్‌ఫ్రేమ్ చట్రానికి నా ఓటు పౌడర్ కోటింగ్‌కే, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించే పూతకి. ముందు శాండ్ బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించి, తుప్పు పోయి ఇనుము బయటపడాలి, తర్వాత జింక్ కలిసిన ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పాలిస్టర్ పూత, ఈ రెండు పొరలూ ఉంటేనే మా దగ్గర ఉప్పుకి తట్టుకుంటుంది. పౌడర్ ఓవెన్‌లో దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కరిగి గట్టిపడుతుంది, ఆ వేడికి రబ్బరూ గ్రీజూ ఆగవు, కాబట్టి రబ్బరు బుష్‌లు, గ్రీజుతో తిరిగే బాల్ జాయింట్లు ముందే తీయించండి. బోల్టు థ్రెడ్‌లకి, బుష్ దిగే రంధ్రానికి, బోల్టు తల ఆనే చోటికి పూత పడకుండా మూయించండి. బోల్టు తల కింద మందంగా పూత ఉంటే అది క్రమంగా నలిగి బిగింపు వదులవుతుంది, చాలా షాపుల్లో ఈ ఒక్కటీ పట్టించుకోరు, దగ్గరుండి చూసుకోవాల్సిందే.

కాయిల్ స్ప్రింగ్ సంగతి వేరు. దాని అడుగు చుట్టు సీటులో కూర్చునే చోట ఇసుక చేరి, రాపిడికి కంపెనీ పూత ముందు అక్కడే పోతుంది. ఆ తర్వాత సన్న గుంట పడుతుంది, పగులు అక్కడినుంచే మొదలవుతుంది. విరిగిన స్ప్రింగు ముక్క చూడండి, అంచున ఓ మూల పాత తుప్పు మచ్చ, మిగతాదంతా కొత్తగా తెగిన ఇనుములా మెరుస్తుంది. గుంటలు పడ్డ స్ప్రింగుకి ఏ పూతా బలం ఇవ్వదు, మార్చేయండి. బాగున్నదానికి పూత వేయించినా, జింక్ ప్లేటింగ్, అంటే కరెంటుతో జింక్ ఎక్కించడం, మాత్రం వద్దు. ఆ పనిలో హైడ్రోజన్ లోపలికి చేరి స్ప్రింగు స్టీలు పెళుసెక్కే ప్రమాదం ఉంది.

బీచ్‌కి వెళ్లొచ్చాక మంచినీళ్లతో కింద భాగం, ముఖ్యంగా ఆ స్ప్రింగు సీట్లు, బాగా కడిగించండి. షాక్ అబ్జార్బర్‌లో మెరిసే రాడ్డు మీద మాత్రం ఏ పూత స్ప్రే తుంపరా పడనివ్వకండి, అది గట్టిపడితే రాడ్డు పైకీ కిందకీ ఆడినప్పుడు ఆయిల్ సీలు కోసుకుపోయి లీకేజీ మొదలవుతుంది.