కాంకర్డ్‌లో గోడవైపు తిరిగిన బల్ల

ఆకులు రంగు మారే అక్టోబరులో బోస్టన్‌లో గది దొరకడమే కష్టం, దొరికినా అద్దె వింటే గుండె గుభేలుమంటుంది. ఊరికి దూరంగా బస చేసి, నార్త్ స్టేషన్‌కు చేరి ఫిచ్‌బర్గ్ లైను రైలు ఎక్కేసరికే సగం ఉత్సాహం నీరుగారిపోయింది. బోస్టన్ దగ్గరి చిన్న ఊరు కాంకర్డ్‌లో దిగి, ఎర్రబడిన మేపుల్ చెట్ల కింద ఓల్డ్ మాన్స్ అనే పాత ఇంటి దాకా నడిచాక గానీ మనసు తేలికపడలేదు.

ఎం.ఏ.లో అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ కథలు చదివిన నాటి నుంచీ ఈ ఇల్లు చూడాలని కోరిక. 1842 జులైలో పెళ్ళి చేసుకుని, ఆయన సోఫియాతో నేరుగా ఈ అద్దె ఇంటికే కాపురానికి వచ్చాడు. మరుసటి మార్చిలో ‘బర్త్‌మార్క్’ (పుట్టుమచ్చ) కథ అచ్చయింది. అందులో ఎయిల్మర్ అనే శాస్త్రవేత్త, భార్య జార్జియానా చెంప మీద చిన్న చేతి ఆకారంలో ఉన్న ఎర్రని మచ్చను భరించలేక, దాన్ని చెరిపే మందు తయారుచేస్తాడు. మచ్చ మాయమవుతుంది, ఆమె ప్రాణమూ పోతుంది. పుట్టుమచ్చను అదృష్టమని మురిసే ఇంట్లో పెరిగిన నాకు, భర్త చూపును సహించలేక ఆమే ఆ మందు తాగడానికి సిద్ధపడటం అప్పట్లో మింగుడుపడలేదు.

మేడమీది చిన్న గదిలో చాలాసేపు నిలబడిపోయాను. తత్వవేత్త ఎమర్సన్ తన ‘నేచర్’ పుస్తకాన్ని చాలావరకు రాసుకున్నది ఈ గదిలోనే. కిటికీలోంచి కాంకర్డ్ నది కనిపిస్తుంది. హాథార్న్ రాసుకున్న మడత బల్ల మాత్రం గోడకు బిగించి ఉంది. నదికి వీపు పెట్టి, వట్టి గోడను చూస్తూ రాశాడన్నమాట. కిటికీ అద్దం మీద ఆ దంపతులు వజ్రపుటుంగరంతో గీసిన అక్షరాలు ఇప్పటికీ చదవవచ్చు. మనిషికి అనుకోకుండా జరిగేవి దేవుడు తలపెట్టినవేనని సోఫియా 1843లో అక్కడ చెక్కింది. భర్త కథకు అంతకంటే సూటి జవాబు నాకు మరెక్కడా కనిపించలేదు.

వాళ్ళ తొలి బిడ్డ ఊనా 1844 మార్చిలో ఈ ఇంట్లోనే పుట్టింది. అదే ఏడాది డిసెంబరులో ‘రపాచినీ కూతురు’ కథ వెలువడింది: ఇటలీలోని పాడువా నగరంలో ఒక వైద్యుడు కన్నకూతురిని విషపు మొక్కల మధ్య పెంచి, ఆమె ఊపిరినే విషంగా మారుస్తాడు, విరుగుడు మందే చివరికి ఆమెను చంపుతుంది. కొత్త పెళ్ళికొడుకుగా భర్త చేసే ఘోరాన్ని, కొత్తగా తండ్రయ్యాక తండ్రి చేసే ఘోరాన్ని రాశాడు. విజ్ఞానం హద్దు దాటేది ప్రయోగశాల గడప దగ్గర కాదు, సొంత మనిషిని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేని చోటనేనని ఆ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. తరగతిలో మాకు శాస్త్రానికీ ప్రకృతికీ పోరాటమని చెప్పి ముగించారు. ఆ కథల్లోని ఆడవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

కొత్త దంపతుల కోసం రచయిత థోరో వేసిన కూరగాయల మడిని ఇంటి ముందు మళ్ళీ పెంచుతున్నారు. అక్కడ నిలబడి, విషపు తోటను ఊహించిన మనిషి రోజూ చూసింది ఈ చిక్కుడు తీగలనేనా అని ఆశ్చర్యపోయాను. తిరుగు రైలుకు ఇంకా వ్యవధి ఉండటంతో స్లీపీ హాలో శ్మశానానికి నడిచాను. లండన్‌లో మరణించి అక్కడే ఖననమైన సోఫియాను 2006లో తెచ్చి భర్త పక్కన ఉంచారు; ఊనా అవశేషాలు కూడా అప్పుడే వచ్చాయి.