దుప్పి ఎంత దూరంలో పరుగందుకుంటుంది: కొలతలో నా అనుభవం

హైదరాబాద్ దగ్గరి చిలుకూరు మృగవని జాతీయ ఉద్యానం మూడున్నర చదరపు కిలోమీటర్ల చిల్లర. చిన్న అడవే అయినా, దుప్పి వైపు నడిచి అది ఎంత దూరంలో పరుగందుకుంటుందో కొలవాలంటే ముందు కాగితం కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి. దరఖాస్తులో "జింకల అధ్యయనం" అని ఊరుకోలేదు. ఏ దారిన, ఏ వేళ నడుస్తామో, ఒక మందను రోజుకు ఒక్కసారే కదిలిస్తామనీ రాశాను.

నాకూ దుప్పికీ మధ్య కొలవాల్సినవి మూడు: నడక మొదలెట్టినప్పటి దూరం, దుప్పి తలెత్తినప్పటి దూరం, పరుగందుకున్నప్పటి దూరం. మొదటిది చాలామంది రాయరు, లెక్క అక్కడే చెడుతుంది. ఎక్కువ దూరం నుంచి వస్తే అది ముందే పసిగట్టి ముందే కదులుతుంది. 40 మీటర్ల నుంచి వేసిన నడకనూ 120 నుంచి వేసినదాన్నీ ఒకే పట్టీలో కలిపితే ఇక దేనికీ పనికిరాదు.

మందలో నాకు దగ్గరున్న పెద్ద ఆడదుప్పిని ఎంచుకుని, సెకనుకు అర మీటరు చొప్పున తిన్నగా నడుస్తాను. అది తలెత్తగానే ఒక గోనెముక్క జారవిడుస్తాను, ఆగను. ఆగినా వంగినా పొంచినట్టే దానికి. పరుగు తీయగానే రెండో ముక్క. తర్వాత అది పరుగుకు ముందు నిలబడ్డ చోటి నుంచి రేంజ్‌ఫైండర్‌తో (లేజర్‌తో దూరం చూపే పరికరం) కొలత. గడ్డి ఎత్తుగా ఉంటే లేజర్ పోచకు తగిలి తక్కువ చూపిస్తుంది. మూడుసార్లు కొట్టి, రెండు కలిస్తేనే రాస్తాను.

తలెత్తడమంటే మేత మధ్య ఊరికే చూడటం కాదు. నమలడం ఆగాలి, రెండు చెవులూ మనవైపు నిక్కాలి. ఆపైన ముందుకాలితో నేలను తడుతుంది, తోక లేచి కింది తెలుపు కనిపిస్తుంది, కూత పెడుతుంది. ఈలోపు కొండముచ్చు అరిస్తే ఆ నడక కొట్టివేతే. దుప్పి మనకు బెదిరిందో చెట్టుమీది అరుపుకో తేలదు.

బట్టల సంగతి: జింకజాతికి ఎరుపు, నారింజ సరిగా ఆనవు, నీలం బాగా ఆనుతుంది. నీలి జీన్స్ వద్దు. మట్టిరంగు వేసుకుంటే అన్ని రోజులూ అదే.

జీపును చాలా దగ్గరికి రానిస్తాయి, అదే మనిషి కిందికి దిగితే మంద లేస్తుంది. ఈ రెంటి కొలతలు వేర్వేరు పట్టీల్లో ఉండాలి.

సందర్శకుల బాట పక్కనివి కదలకపోతే భయం పోయిందని తొందరపడి రాసేయొద్దు. ఎండాకాలం నీటితొట్టి దగ్గర దాహానికి కూడా నిలుస్తాయి. అందుకే తొట్టి ఎంత దూరమో, కూన వెంట ఉందో లేదో చెప్పే రెండు గడులు పట్టీలో కలిపాను. ఆ గడులు ఖాళీగా ఉన్న నడకలను లెక్కలోకి తీసుకోను.