కోబెలో చూసిన యారిగన్నా

జపాన్‌లోని షిన్-కోబె స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే తకెనాకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం వస్తుంది. 1984లో మొదలైన ఈ మ్యూజియం 2014లో ఈ చోటికి మారింది. బయటి నుంచి ఒంటి అంతస్తు ఇల్లే. ప్రదర్శనలో చాలా భాగం నేల కింద ఉంది. నారాలోని తోషొదైజి ఆలయ స్తంభాన్నీ, దాని మీది దూలాల అల్లికనూ అసలు కొలతల్లోనే కట్టి నిలబెట్టారు. అదే చాలు ఆ పూటకి అనుకుంటూ ముందుకు కదిలితే, ఒక పనిముట్టు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

పొడవాటి కర్ర పిడి, దాని చివర ఆకు ఆకారంలో ఇనుప అలుగు. చూడగానే ఈటె అనిపిస్తుంది. కానీ పొడవడానికి చేసిన మొన తిన్నగా ఉండాలి కదా, ఇది కొసన కొద్దిగా పైకి వంగి ఉంది. అంచులు రెండు వైపులా పదునే. బాడిస కాదు, ఉలి కాదు. జవాబు పక్కనే ఉన్న హినోకి (జపాన్ సైప్రస్) చెక్క చెప్పింది. దాని మీద గరిటెతో తోడినట్టు లోతులేని గాట్లు వరసగా ఉన్నాయి. అంటే ఇది చిత్రిక పట్టే పనిముట్టు!

పేరు యారిగన్నా. పెద్ద రంపాలు లేని కాలంలో దుంగను చీలికలతో నిలువునా చీల్చి, బాడిసతో చెక్కి, ఆపైన దీనితో నునుపు చేసేవారు. చెక్కదిమ్మెలో అలుగు బిగించిన చిత్రిక వాడుకలోకి వచ్చాక యారిగన్నా మూలపడింది.

దాన్ని మళ్ళీ పనిలోకి తెచ్చినవాడు హోర్యూజి ఆలయ వడ్రంగి నిషియోకా త్సునెకజు (1908-1995). పాత స్తంభాల మీది గాట్లనూ, షోసోయిన్ భాండాగారంలో మిగిలిన నమూనానూ పరిశీలించి మళ్ళీ చేయించాడు. పనివాడు పోయినా, పనిముట్టు పోయినా, గాటు చెప్పిన సాక్ష్యాన్ని నమ్మిన మనిషి! ఆయన మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ముందు కోబె, తర్వాత నారా చూడండి. హోర్యూజిలోనూ, ఆయన ఆధ్వర్యంలో 1981లో తిరిగి కట్టిన యకుషిజి ఆలయ పడమటి గోపురం దగ్గరా స్తంభాలను చూసే కన్ను మారుతుంది. మ్యూజియానికి సోమవారం సెలవు.